ఆగి ఆగి ఎక్కే గుట్ట

కీసరగుట్ట మెట్లెక్కేటప్పుడు నేను చాలాసార్లు ఆగుతాను. ఆయాసం వచ్చాక ఆగితే లాభం లేదు, రాకముందే ఆగాలి. కొబ్బరికాయల సంచి పట్టుకున్న ముసలమ్మలు నన్ను దాటి పోతుంటారు. "ఏం బిడ్డా, ఈ వయసుకే గింత అలుపా?" అని ఒకామె అడిగింది. నవ్వి, సీసాలో నీళ్ళు నాలుగు గుక్కలు తాగి, బండ మీద కూర్చున్నాను. ఈ గుట్ట మీద బండలకు కరువు లేదు, శివలింగాలకూ కరువు లేదు. హనుమంతుడు కాశీ నుంచి లింగాలు తెచ్చేసరికి ఆలస్యమైందట. రాముడు అప్పటికే వేరే లింగాన్ని ప్రతిష్ఠించాడట. అలిగి విసిరేసినవే ఇవన్నీ అంటారు. అయినా గుట్టకు పేరు మాత్రం ఆలస్యంగా వచ్చినవాడి తండ్రి కేసరిదే వచ్చింది. ఈ కథ నాకు ఇష్టం.

నాకున్నది సికిల్ సెల్. మన గూడేల్లో ఈ పేరు ఇప్పుడిప్పుడే వినబడుతోంది గాని, జబ్బు మాత్రం పాతదే. రక్తంలో ఎర్రకణం గుండ్రంగా, మెత్తగా ఉంటేనే సన్నటి నాళాల్లోంచి జారిపోతుంది. మా ఒంట్లో ఆక్సిజన్ తగ్గినా, నీరు తగ్గినా ఆ కణం గట్టిపడి కొడవలిలా వంగుతుంది. అలాంటివి ఒకదానికొకటి చిక్కుకుని దారి మూసేస్తే అవతల ఉన్న ఎముక, కండ నొప్పితో కేక పెడతాయి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఇది 10 నుంచి 20 రోజులకే పగిలిపోతుంది. అందుకే మాకు రక్తం ఎప్పుడూ తక్కువే.

మాది ఉట్నూరు దిక్కు. చిన్నప్పుడు దండారి రోజులొస్తే నెమలి ఈకల టోపీ పెట్టుకుని గుస్సాడీలతో ఊరూరా తిరగాలని ఉండేది. ఒక ఏడు వెళ్ళాను కూడా. రెండో ఊరు చేరేసరికి తొడ ఎముకలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు నొప్పి. బాపు నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. దేవుడు కోపించాడని కొందరన్నారు, పనిదొంగ అని కొందరన్నారు. రెండో మాటే ఎక్కువ నొచ్చింది. అప్పటినుంచి నొప్పి వచ్చినా పైకి చెప్పడం మానేశాను.

అలా దాచుకున్నవాడిని పంతులునయ్యాక ఏం చేశానో చెప్పాలి.

నా మొదటి ఉద్యోగం ఒక ఆశ్రమ పాఠశాలలో. మార్చి నెల, ప్రార్థనకు ఆలస్యంగా వచ్చిన పిల్లలను మైదానం చుట్టూ పరిగెత్తమన్నాను. ఏడో తరగతి పిల్లవాడొకడు రెండో చుట్టులో వేపచెట్టు కింద కూలబడ్డాడు. "సార్, కాళ్ళు గుంజుతున్నయి" అన్నాడు. "నాటకాలు ఆడకు, లే" అన్నాను. లేచాడు. పరిగెత్తాడు కూడా. ఆ రాత్రి వాడి ఏడుపుకు హాస్టలంతా లేచింది. తెల్లారి ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు వాడి నొప్పి గురించి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే పక్కన నిలబడి మనసులో నేను జవాబులు చెప్పుకున్నాను. చలికాలంలో ఎక్కువా? అవును. కళ్ళు పచ్చబడతాయా? అవును. కొన్ని నెలల తర్వాత నా రక్తం పరీక్ష చేయించుకుంటే అదే జబ్బు. వాడిని మాత్రం వాళ్ళ నాయన ట్రంకుపెట్టెతో సహా అప్పటికే ఇంటికి తీసుకుపోయాడు. క్షమించమని అడిగే వీలు లేకపోయింది. నిజానికి అడిగే ధైర్యమూ లేదు.

పేరు తెలిశాక నేను రెండో తప్పు చేశాను. కదలడమే మానేశాను. బడికి బండి, ఇంట్లో మంచం. రెండేళ్ళలో తొడలు సన్నబడ్డాయి, పది మెట్లకే గుండె దడ. వైద్యానికి దగ్గరని ఇటువైపు బదిలీ అడిగి కీసర వచ్చాక, కొత్త డాక్టరు హైడ్రాక్సీయూరియా మాత్రతో పాటు నడక కూడా చీటీలో రాశాడు. ఆయన ఇచ్చిన కొలత చాలా సులువు: నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగితే ఆగాలి. మొదటి నెల పది నిమిషాలే. తర్వాత నెలకు కాస్త కాస్త పెంచాను. గుట్ట మొదటి మెట్టు నుంచి గుడి దాకా చేరడానికి నాకు ఏడాది పట్టింది. ఫ్రాన్స్‌లో తీవ్రమైన చిక్కులు లేని సికిల్ రోగులతో వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున, ఎనిమిది వారాలు మితంగా సైకిలు తొక్కించి చూశారని, అది వాళ్ళకు మేలే చేసిందని తర్వాత చదివాను. 2018లో అచ్చయిన పరిశోధన అది. నాకు కాళ్ళు ముందే చెప్పాయి.

చలికాలం పొద్దుగాల నేను బయట కాలు పెట్టను, ఎండెక్కాకే నడక. ఎండాకాలం సాయంత్రం. చన్నీళ్ళ స్నానం, చెరువులో దూకడం లేవు. దాహం వేయకముందే నీళ్ళు. జ్వరముంటే ఆ రోజు నడక లేదు, నేరుగా ఆసుపత్రే. ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. నొప్పి ఇప్పటికీ వస్తుంది, రాదని ఎవరికీ చెప్పను. కాకపోతే మంచం మీద గడిపే రోజులు తగ్గాయి.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 గడువు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. నా వయసు ఆ లెక్కలోకి రాదు, పోనీయండి. కానీ పిల్లలారా, మీరు పరీక్ష చేయించుకోండి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ లక్షణం వచ్చినవాళ్ళు రోగులు కారు, నీళ్ళు తాగుతూ, విశ్రాంతి తీసుకుంటూ అన్ని ఆటలూ ఆడవచ్చు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. తోటి టీచర్లకు ఒక మాట: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు ఉంది. ఆ పిల్లవాడిని డ్రిల్లు నుంచి పూర్తిగా తీసేసి క్లాసురూములో కూర్చోబెట్టకండి, నాకైన గతే వాడికీ పడుతుంది. తన కొలతలో ఆడనివ్వండి. చేయి ఎత్తి ఆగుతానంటే కారణం అడగకండి.

మొన్న పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్ళాను. గోదావరి నీళ్ళ కోసం కాలినడకన పోయి వచ్చిన మెస్రంలు మర్రిచెట్ల కింద విడిది చేసి ఉన్నారు. ఆ జనంలో ఒక యువకుడు నా ముందుకొచ్చి "సార్, గుర్తుపట్టిండ్రా?" అన్నాడు. కళ్ళలో అదే పసుపు. సైకిలు మీద వచ్చానన్నాడు, మధ్యలో మూడుచోట్ల ఆగాడట. ఇన్నేళ్ళు దాచుకున్న మాట నోటిదాకా వచ్చింది. "ఆ రోజు నేను..." అంటుండగానే వాడు తన సీసా మూత తిప్పి నా చేతికిచ్చాడు.

"ముందు నీళ్ళు తాగుండ్రి సార్. మీకు కూడా ఇదేనని ఊర్లో చెప్పిండ్రు."