జెట్ ముందు మళ్ళీ ఒకటో తరగతి

మాది భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ గూడెం. ఇంట్లో కోయ భాష, ఆశ్రమ పాఠశాలలో తెలుగు. సారు పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే అందరం ఒక్క గొంతుతో "అయింది సార్" అనేవాళ్ళం. సగం మాటలు తెలిసేవి కావు. తెలియదంటే నవ్వుతారని భయం. ఆ అలవాటు నాతోపాటు కాక్‌పిట్ దాకా వచ్చింది.

పైలట్ ఎలా అయ్యావని పిల్లలు అడుగుతుంటారు. ఇంటర్‌లో ఫిజిక్స్, మాథ్స్ ఉండాలి. వైద్య పరీక్షలో నెగ్గాలి, రాత పరీక్షలు పాసవ్వాలి, 200 గంటలు ఎగరాలి. అప్పుడు కమర్షియల్ లైసెన్స్ వస్తుంది. డబ్బు ఎలా పుట్టిందన్నది ఇంకో వ్యాసమంత కథ, ఇప్పుడొద్దు.

ఆరేళ్ళు నేను నడిపింది కింగ్ ఎయిర్ బీ200. రెండు ప్రొపెల్లర్ల విమానం, గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. దిగేటప్పుడు పవర్ తగ్గిస్తే ఆ ప్రొపెల్లర్లే గాలికి అడ్డుపడి, బ్రేకు వేసినట్టు వేగం పడిపోతుంది. కాస్త ఎత్తుగా వచ్చినా సర్దుకోవచ్చు. నా చేతులకు అది బాగా అలవాటైపోయింది.

తర్వాత మా కంపెనీ సైటేషన్ సీజే2 ప్లస్ కొన్నది. ఏడెనిమిది మంది కూర్చునే చిన్న బిజినెస్ జెట్. గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది, 45,000 అడుగుల దాకా ఎక్కుతుంది. ఇలాంటి విమానానికి ప్రత్యేకంగా శిక్షణ పొంది, పరీక్ష పాసయితేనే లైసెన్స్‌లో రాస్తారు. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. నన్ను విదేశానికి సిమ్యులేటర్ శిక్షణకు పంపారు. ఖర్చు కంపెనీది. తప్పితే ఏమంటారో నాకు తెలుసు. "కోటా పైలట్" అన్న మాట అంతకుముందే రెండుసార్లు నా వెనక వినబడింది.

మొదటి రోజు క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ వీ1 గురించి చెప్పాడు. రన్‌వే మీద పరుగెత్తేటప్పుడు ఒక వేగం ఉంటుంది. ఆ లోపల ఇంజన్ ఆగితే బ్రేకు వేయాలి. అది దాటాక ఆగితే ఒక్క ఇంజన్‌తోనే ఎగరాలి, ఎందుకంటే ఆపడానికి మిగిలిన రన్‌వే చాలదు. అందుకే వీ1 దగ్గర చెయ్యి థ్రస్ట్ లీవర్ మీద నుంచి తీసేయాలి. ఆయన ఇంగ్లీషు యాస నాకు సగమే అందింది. "ప్రశ్నలున్నాయా?" అన్నాడు. లేవని తల ఊపాను.

మర్నాడు సిమ్యులేటర్‌లో వీ1 దాటిన క్షణంలో ఒక ఇంజన్ ఆపేశాడు. నా చెయ్యి ఇంకా లీవర్ మీదే ఉంది. చటుక్కున వెనక్కి లాగేశాను. రన్‌వే అయిపోయింది, తెర ఎర్రబడింది. సాయంత్రం ఇంకో తప్పు. జెట్‌లో పవర్ తగ్గించినా అడ్డుపడే ప్రొపెల్లర్లు లేవు, విమానం జారుతూనే పోతుంది. కిందికి వంచితే వేగం పెరుగుతుంది, వేగం తగ్గిద్దామంటే ఎత్తు దిగదు. రన్‌వే కనబడేసరికి నేను చాలా ఎత్తున, చాలా వేగంగా ఉన్నాను. దిగకుండా మళ్ళీ పైకి పోవాల్సి వచ్చింది.

ఇన్‌స్ట్రక్టర్ తిట్టలేదు. "నిన్న నీకు ఏది అర్థం కాలేదు?" అని మాత్రం అడిగాడు. చాలాసేపు నోరు పెగల్లేదు. చివరికి "మీ మాట సగమే అందింది. మొదటి నుంచి నెమ్మదిగా చెప్పండి" అన్నాను. నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన కాగితం తీసి గీసి చూపించాడు. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్ళు. అంటే 40,000 అడుగుల నుంచి దిగాలంటే 120 మైళ్ళు, సుమారు 220 కిలోమీటర్లు. విశాఖ నుంచి శంషాబాద్ వస్తుంటే విజయవాడ దాటిన కొద్ది నిమిషాలకే దిగడం మొదలుపెట్టాలన్నమాట! విమానం కన్నా నా ఆలోచన అంత దూరం ముందుండాలి.

ఆ తర్వాత రోజూ అడిగాను. అంత ఎత్తున క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఒక్కసారిగా పోతే స్పృహతో పని చేయగలిగేది 15, 20 సెకన్లే. మాస్క్ ఏ చేత్తో అందుకోవాలో కూడా అడిగాను. తోటివాళ్ళు విసుక్కున్నారేమో, నేను చూడలేదు. పరీక్షలో మళ్ళీ వీ1 దగ్గర ఇంజన్ ఆపారు. చెయ్యి అప్పటికే లీవర్ మీద లేదు.

ఇప్పుడు నా పక్కన కూర్చునే కుర్ర కోపైలట్‌ని "అర్థమైందా?" అని అడగను. "ఇప్పుడు ఏం చేయబోతున్నామో నువ్వు చెప్పు" అంటాను.

పోయిన సంక్రాంతికి ముందు మా పాఠశాలకు వెళ్ళాను. వెనక వరసలో ఒక పిల్లవాడు లేచి, తెలుగులో తడబడుతూ, "రెండు ఇంజన్లూ ఆగిపోతే?" అన్నాడు. సారు కూర్చోమని సైగ చేశారు. "ఉండనివ్వండి సార్" అని, విమానం రాయిలా పడదనీ, రెక్కల మీద జారుతూ దిగుతుందనీ కోయలోనే చెప్పాను. వాడు కూర్చోలేదు. ఇంకో ప్రశ్న ఉందట.