మూడు వందల అడుగుల గుట్ట

మిన్నెసోటా రాష్ట్రంలో బర్న్స్‌విల్ మీదుగా ఐ-35 హైవేలో వెళ్తుంటే రోడ్డు పక్కనే ఒక గుట్ట కనిపిస్తుంది. పేరు బక్ హిల్. ఎత్తు 300 అడుగులకు కాస్త పైచిలుకు. కొలరాడోలోని వేల్‌లో పైనుంచి కిందికి దిగుడు 3,450 అడుగులు. దాని ముందు ఇది ఏపాటి? కానీ లిండ్సీ వాన్ చిన్నప్పుడు స్కీయింగ్‌లో రాటుదేలింది ఈ గుట్ట మీదే. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఎరిక్ సైలర్ ఇక్కడ పిల్లలకు రేసులు నేర్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆ అమ్మాయి 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచింది. 2019లో మొదటిసారి రిటైరయ్యే నాటికి 82 ప్రపంచకప్ రేసులు నెగ్గింది.

అదెలా సాధ్యమైందో ఆ గుట్ట మీద ఒక సాయంత్రం గడిపితే తెలుస్తుంది. దిగడానికి పట్టేది క్షణాలే. కింద కదులుతున్న తాడు పట్టుకుంటే అది మనిషిని బరబరా పైకి లాగేస్తుంది. మళ్లీ దిగడం, మళ్లీ తాడు. పెద్ద కొండ మీద లిఫ్టు కుర్చీలో గడిచిపోయే సమయమంతా ఇక్కడ మలుపులు తిరగడానికే మిగులుతుంది. స్కీయింగ్‌లో అసలు విద్యంతా ఆ మలుపులోనే ఉంది. బయటి కాలి మీద బరువు మోపాలి, మోకాలి కింది ఎముకను బూటు ముందు భాగానికి ఆనించి ఉంచాలి, వాలు చూసి బెదిరి వెనక్కి ఒరగకూడదు. ఇవి బుర్రకెక్కితే చాలదు, కాళ్లకు అలవాటు కావాలి. ఇంగ్లండ్‌లో డేవ్ రైడింగ్‌కు మొదట్లో మంచు కూడా లేదు. లాంకషైర్‌లోని పెండిల్‌లో కృత్రిమ వాలు మీద నేర్చుకున్నాడు. 2022 జనవరిలో, 35 ఏళ్ల వయసులో, కిట్స్‌బ్యూల్ స్లాలమ్ గెలిచాడు. ఆల్పైన్ ప్రపంచకప్ రేసు గెలిచిన మొదటి బ్రిటిష్ ఆటగాడు అతనే.

పర్వతాలకు దూరంగా ఉండేవాళ్లు డబ్బు లెక్క కూడా ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. ఏడాదికి ఒక్క వారం కొలరాడో వెళ్లొచ్చే మనవాళ్లు చాలామందే ఉన్నారు. విమానం, హోటలు, ఆపైన లిఫ్టు టికెట్లు. వేల్‌లో అప్పటికప్పుడు కొంటే రద్దీ రోజుల్లో ఒక్కరోజు టికెట్టు 300 డాలర్లు దాటేసింది. ఇంతా పెట్టి వెళ్తే, మొదటి రెండు రోజులూ పోయినేడు వచ్చిన విద్యను వెతుక్కోవడంతోనే సరి. ఆ వెతుకులాటేదో బ్లూమింగ్టన్‌లోని హైలాండ్ హిల్స్‌లో, ఆఫీసు అయ్యాక, దీపాల వెలుగులో చేసుకుంటే ఎంత నయం! అది పార్కుల వాళ్లు నడిపే గుట్ట, బక్ హిల్ కన్నా చిన్నది. చిన్నదైతేనేం, కాళ్లు మరిచిపోకుండా ఉండడానికి అది చాలు.

సామాను విషయంలో నేను ఒక్కదాని దగ్గరే పట్టుబడతాను. బూట్లు కొత్తవే కొనాలి, పాదం కొలిపించుకుని, తొందరపడకుండా. స్కీలు వాడినవైనా ఫరవాలేదు. చలికాలం ముందు స్కీ క్లబ్బులు పెట్టే స్వాప్ అమ్మకాల్లో మంచి జతలు చవగ్గా దొరుకుతాయి. బైండింగులు మాత్రం చూసుకోవాలి. పడినప్పుడు బూటును వదిలేసి కాలు విరగకుండా కాపాడేవి అవే. మరీ పాత మోడళ్లయితే షాపువాళ్లు సరిచేయడానికి ఒప్పుకోరు. హెల్మెట్ కూడా వాడినది వద్దు, లోపల తగిలిన దెబ్బ పైకి కనపడదు. పిల్లలకు సీజన్ మొత్తానికి అద్దెకు తీసుకోవడమే మేలు.

స్కీలకు మైనం పట్టించడం నాకెంతో ఇష్టమైన పని. ఇస్త్రీపెట్టెకు మైనం ఆనిస్తే చుక్కలుగా రాలుతుంది. దాన్ని అడుగంతా పరిచి, చల్లారాక ప్లాస్టిక్ పలకతో గీకి, బ్రష్షుతో రుద్దాలి. షాపుకిచ్చే డబ్బు మిగులుతుంది, అంచుల సంగతీ చూసినట్టవుతుంది. మా గుట్టల మీద ఉండేది చాలావరకు యంత్రాలు చల్లిన మంచు, రాత్రికి రాయిలా బిగుస్తుంది. ఆకురాయితో పదును పెట్టని అంచు దాన్ని పట్టుకోదు.

కొండే అక్కర్లేని స్కీయింగ్ కూడా ఉంది. మినియాపొలిస్‌లోని థియొడోర్ వర్త్ పార్కులో చెట్ల మధ్య క్రాస్ కంట్రీ బాటలున్నాయి. 2024 ఫిబ్రవరిలో అక్కడ ప్రపంచకప్ రేసులు జరిగాయి. ఇదే రాష్ట్రంలోని ఆఫ్టన్‌లో పెరిగిన జెస్సీ డిగ్గిన్స్ 2018లో కికన్ రాండల్‌తో కలిసి ఈ క్రీడలో అమెరికాకు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. లిఫ్టు ఖర్చు లేదు, ఊపిరీ తొడలూ గట్టిపడతాయి.

ఇంత చెప్పినా, మార్చిలో పెద్ద కొండకు వెళ్లాలనే ఉంటుంది, వెళ్లాలి కూడా. వేల్ లాంటి పెద్ద కొండలకు చెల్లే ఎపిక్ సీజన్ పాస్ ముందటేడు వసంతంలోనే అతి చవక. ఆలస్యమైనకొద్దీ ధర పెరుగుతుంది, డిసెంబరు మొదట్లో అమ్మకమే ఆపేస్తారు. చిన్న కొండలు చాలనుకునేవాళ్లకు ఇండీ పాస్ ఉంది, ఒక్కో కొండ మీద రెండేసి రోజులు. నలుగురు కలిసి ఒకే కారులో అయోవా, నెబ్రాస్కాల మీదుగా వంతులవారీగా నడుపుకుంటూ వెళ్లొచ్చు. మధ్యాహ్నం తిండికి జాకెట్ జేబులో చపాతీ చుట్టలు పెట్టుకోవాలి. లిఫ్టు కుర్చీలోనే తినేస్తే కిందికి పోయి క్యూలో నిలబడే గంట కలిసొస్తుంది, ఆ గంటలో ఇంకో మూడుసార్లు దిగొచ్చు.