కాలువ కట్టిన వేసవి

పడవకును సెలవులుండునా యని సోదరీమణులు నవ్వవచ్చును. మా గోదావరి సీమలో ఉండెడివి. కాటన్ దొర పూనికతో 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన పిదప, కాలువలు చేలకు నీరిచ్చుటయే కాక పడవలకు బాటలును అయినవి. వేసవిలో పూడిక తీయుటకును, లాకుల తలుపులు బాగుచేయుటకును కాలువలు కట్టివేయుదురు. అప్పుడు పడవలవారికి తీరిక. తీరిక యనుట మాటకే.

మా నాయనగారిది చిన్న తెరచాప పడవ. కాకినాడకు ధాన్యమును, కొబ్బరికాయలను చేరవేసెడిది. లారీలు రాకమునుపటి మాట. ఇప్పుడా కాలువపై తెరచాప కానరాదు. నీరు తగ్గకమునుపే పడవను గట్టుమీదికి లాగి, దుంగలపై నిలిపి, పైన తాటాకు పందిరి వేసెడివారు. వడ్రంగి పలకల సందులలోని పాత పీచు గీకి, క్రొత్తది ఉలితో దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలము పూసెడివాడు. ఆ వాసన పదిదినములు మా వంటయింటిని వదలెడిది కాదు. పప్పులోను గుగ్గిలమేనా యని నాయనమ్మ సణుగుచుండెడిది. తెరచాప చిరుగులు మాత్రము అమ్మ వంతు. వసారాలో కూర్చుండి దబ్బనముతో మాసికలు వేయుచు, నాచేత దారమునకు మైనము పట్టింపజేసెడిది.

1958 వేసవిలో నాయనగారికి క్రొత్త తెరచాప మీద మనసు పోయినది. అందుకు సొమ్మును కూడబెట్టిరి. అమ్మ మాసిక వేయుచు వేయుచు, కొయ్యను నిలబెట్టు త్రాటిని చేతబట్టి చూచెను. పైకి బాగుగనే యున్నది. పురి విప్పగా లోపలి పీచు పొడియై రాలెను. వంతెన వచ్చినప్పుడెల్ల కొయ్యను వాల్చి, దాటినపిదప ఎత్తవలెను. ఆ బరువంతయు ఆ యొక్క త్రాటిమీదనే. వాలు కొయ్యను క్రిందనుండి అందుకొనువాడు పదునాలుగేండ్ల మా అన్నయ్య.

“ఏమండీ, పాత తెరచాప ఇంకొక యేడు వచ్చును. త్రాడు రాదు.”

“త్రాడు చూచి ఎవరే బేరమిచ్చెడివారు? తెరచాప చూచి యిత్తురు గాని.”

అమ్మ మారుపలుకలేదు. ఆ త్రాటిముక్కను ఆయన భోజనపుపీట ప్రక్కన ఉంచెను. మూడుపూటలు అది అక్కడనే యుండెను. నాలుగవపూట ఆయన దానిని తీసి నలిపి, అన్నయ్యవంక చూచి, మాటలాడక భోజనము ముగించిరి. మరునాడు బస్సులో కాకినాడ పోయి మనీలా త్రాడును, రెండు క్రొత్త కప్పీలను తెచ్చిరి. మునుపు నలుగురు పట్టు బరువును ఆ కప్పీలతో ఇద్దరు పట్టగలిగిరి. తెరచాపకు మిగిలినది లేదు. ఆ యేడంతయు రేవులోని పిల్లలు మాదానిని బొంతపడవ యని పిలిచిరి. నాయనగారికది చిన్నతనముగనే యుండెను. నాకును ఉండెను, దాచనేల?

నీరు వదలిన తరువాత మొదటి ప్రయాణమున, ఊరి వంతెన కడ కొయ్య మెల్లగా వాలుచుండగా అమ్మయు నేనును గట్టున నిలిచితిమి. అన్నయ్య మమ్ము చూచి చేయి ఊపెను.

“ఊపినది చాలు, కొయ్య చూచుకోరా!” అని అమ్మ కేకవేసెను.