వెనక సీటు లెక్క

పదిహేను, ఇరవై లక్షల కారు కొనేటప్పుడు మన ఇళ్లలో చర్చంతా సన్‌రూఫ్, పెద్ద తెర, మైలేజీ, రంగు చుట్టూ తిరుగుతుంది. గతుకుల మీద ఆ బండి ఒంటికి ఎలా ఉంటుంది, మలుపులో ఎంత నిలకడగా ఉంటుంది అనే రెండు ప్రశ్నలు టెస్ట్ డ్రైవ్‌లో పది నిమిషాలకు పరిమితమవుతాయి. నా ఉద్దేశంలో కుటుంబం కోసం కొనే క్రాసోవర్ ఎస్‌యూవీకి మొదటి రూపాయి కేటాయించాల్సింది ప్రయాణ సుఖానికి. హ్యాండ్లింగ్ భద్రతకు సరిపడా ఉండాలి, అంతకు మించిన పదునుకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఇంకో మాట కూడా ఉంది: ఆ సుఖం చాలా కార్లలో ఖరీదైన వేరియంట్‌లో కాక దాని కింది వేరియంట్‌లోనే ఎక్కువగా దొరుకుతుంది. అంటే ఇది ఖర్చు పెంచే సలహా కాదు, తగ్గించే సలహా.

సుఖం అనగానే మెత్తదనం అనుకుంటాం. అది సగమే నిజం. కూర్చున్న మనిషి శరీరం పైకీ కిందికీ వచ్చే కంపనాల్లో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చేవాటిని అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుందని, కంపనాలను కొలిచే ఐఎస్ఓ 2631 ప్రమాణం లెక్కలోకి తీసుకుంటుంది. నడుముకు తగిలే కుదుపులు ఈ కోవలోవే. దీనికి పూర్తిగా భిన్నమైనది, ఐదు సెకన్లకోసారి నెమ్మదిగా లేచి పడే ఊగుడు. కడుపులో తిప్పేది అదే. స్ప్రింగులు మరీ మెత్తగా ఉంటే కుదుపు తగ్గి ఊగుడు పెరుగుతుంది. మరీ బిగుసుగా ఉంటే మలుపుల్లో బండి ఒరగదు, కానీ కాలనీ సందులో ప్రతి గుంతా వెన్నెముక దాకా వస్తుంది. క్రాసోవర్ ఎత్తుగా ఉండే బండి కనుక దాని గురుత్వ కేంద్రమూ పైకే ఉంటుంది. దానివల్ల మలుపుల్లో వచ్చే ఒరుగుడును అదుపు చేయడానికి తయారీదారు స్ప్రింగులను, యాంటీ రోల్ బార్‌ను కాస్త గట్టిగా పెట్టక తప్పదు. సెడాన్‌లో ఇంత ఇబ్బంది లేదు. అందుకే ఈ రెండు గుణాలనూ పోల్చి చూడాల్సిన అవసరం ఎస్‌యూవీ కొనేవాళ్లకే ఎక్కువ.

హ్యాండ్లింగ్‌ను ఆస్వాదించేది ఒక్కరే, స్టీరింగ్ పట్టుకున్న మనిషి. ఆయన ముందు, వెనక ఇరుసుల మధ్య కూర్చుంటాడు, గుంతను ముందే చూస్తాడు, చేతులతో ఆనుకుని ఒంటిని సిద్ధం చేసుకుంటాడు. వెనక సీటులో ఉన్న అమ్మమ్మకు ఈ మూడింటిలో ఏదీ లేదు. ఆమె కూర్చున్నది దాదాపు వెనక ఇరుసు మీద. ఈ ధరలో దొరికే క్రెటా, సెల్టోస్, గ్రాండ్ విటారా, ఎలివేట్, కుషాక్, టైగున్ అన్నింటిలోనూ సాధారణ ఫ్రంట్ వీల్ డ్రైవ్ రకాలకు వెనక ఉండేది టార్షన్ బీమ్. రెండు చక్రాలనూ ఒక దూలం కలుపుతుంది కనుక ఒక చక్రం గుంతలో పడితే రెండోవైపూ కొంత కదులుతుంది. దాన్ని శ్రద్ధగా ట్యూన్ చేస్తే బాగానే పనిచేస్తుంది, కాబట్టి బ్రోషర్‌లో ఆ పేరు చూసి కారును తీసిపారేయకూడదు. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి కూడా చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం గుండ్రటి బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలగాలి. కాలనీల్లో వేసేవి అదే ఎత్తును ఒక అడుగు వెడల్పులోకి కుదించినవి. కుటుంబం కారు రోజూ తిరిగేది ఈ బ్రేకర్ల మీదే.

ఇక చక్రాల లెక్క. టైరు మీద ఉండే 205/65 ఆర్16 అనే సంఖ్యల్లో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది, మూడోది రిమ్ అంగుళాలు. గుంత అంచు తగిలినప్పుడు మొదటి దెబ్బను మింగేది ఈ పక్కగోడే. హోండా ఎలివేట్‌లో 215/60 ఆర్16 టైరుకు పక్కగోడ 129 మిల్లీమీటర్లు, పై వేరియంట్‌లోని 215/55 ఆర్17కు 118. ఫోక్స్‌వాగన్ టైగున్‌లో 205/60 ఆర్16కు 123, 205/55 ఆర్17కు 113. పది, పదకొండు మిల్లీమీటర్ల రబ్బరు, గాలి పోయి ఆ మేరకు ఇనుమో అల్యూమినియమో వచ్చిందన్నమాట. పైగా చక్రం బరువు పెరిగితే దాన్ని అదుపు చేసే పని షాక్ అబ్జార్బర్ మీద పడుతుంది. అన్ని కార్లలోనూ తేడా ఇంత ఉండదు. 2024లో వచ్చిన క్రెటాలో 205/65 ఆర్16కు 133, 215/60 ఆర్17కు 129. నాలుగు మిల్లీమీటర్ల కోసం ఎవరూ నిర్ణయం మార్చుకోనక్కర్లేదు. అదే కారు ఎన్ లైన్ రకంలో 18 అంగుళాల చక్రాలతో 118కి దిగిపోతుంది, అప్పుడు ఆలోచించాలి. ఈ గుణకారం షోరూమ్‌లో ఫోన్ తీసి అర నిమిషంలో చేసుకోవచ్చు, కానీ అమ్మేవాళ్లు దాని మాటెత్తరు. పలచటి పక్కగోడకు ఇంకో ఖర్చూ ఉంది. మన సాధారణ వాహన బీమాలో కారుకు వేరే నష్టమేమీ జరగకుండా టైరు ఒక్కటే పగిలితే పరిహారం రాదు, ప్రత్యేక యాడ్ ఆన్ తీసుకుంటే తప్ప. కారుతో పాటు దెబ్బతిన్నా టైరు ఖరీదులో సగమే ఇస్తారు.

పై వేరియంట్‌కు మనం నిజంగా ఎంత ఇస్తున్నామో చూద్దాం. షోరూమ్ ధరలో తేడా రెండు లక్షలు అనుకుందాం. ఈ సైజు ఎస్‌యూవీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అంటే ఆ రెండు లక్షల్లో దాదాపు 57 వేలు పన్నే, వస్తువు విలువ 1.43 లక్షలు. లైఫ్ ట్యాక్స్ తక్కువలో తక్కువ 15 శాతం వేసుకున్నా మరో 30 వేలు. ఇప్పుడు ఆ అదనం 2.30 లక్షలు. చాలామంది చేసేట్టు మొత్తం అప్పులో కలిపి 9 శాతం వడ్డీకి ఏడేళ్లు కడితే నెలకు 3,700 చొప్పున చివరికి 3.11 లక్షలు అవుతుంది. అందులో మన చేతికి వచ్చిన వస్తువు 1.43 లక్షలది, సగానికి తక్కువ. ఆ వస్తువు సన్‌రూఫ్, రంగురంగుల దీపాలు, ఒంటికి మరింత కుదుపు తెచ్చే పెద్ద చక్రాలు అయితే, ఏడేళ్ల వాయిదాలకు ఏం కొనుక్కున్నట్టు? ప్రతి పై వేరియంటూ వృథా అని నేననను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నగరంలో రోజూ నడిపేవారికి నిజమైన సౌకర్యం. వెనక సీటుకు ఏసీ గాలి, సర్దుకునే హెడ్‌రెస్ట్, తొడలకు సరైన ఆసరా ఉన్న సీటు వీటికి ఇచ్చే డబ్బూ ప్రయాణ సుఖం పద్దులోకే వస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది: హ్యాండ్లింగ్ అంటే సరదా కాదు, భద్రత, హఠాత్తుగా అడ్డొచ్చిన గేదెను తప్పించేటప్పుడు బండి మాట వినాలి కదా అంటారు. నిజమే, వినాలి. అయితే ఆ క్షణంలో ఆదుకునేవి మంచి టైర్లు, బ్రేకులు, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. క్రెటా, టైగున్ వంటి వాటిలో ఆ స్టెబిలిటీ కంట్రోల్ కింది వేరియంట్ నుంచే ఉంటుంది, దానికి ప్రత్యేకంగా డబ్బు కట్టనక్కర్లేదు. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు దారిలోనో కుటుంబంతో వెళ్లే వేగంలో ఈ కార్లలో ఏదీ తన పరిమితి దరిదాపులకు కూడా రాదు. ఆ మలుపుల్లో అసలు ఇబ్బంది వెనక పిల్లలకు వాంతులు కావడం. దానికి మందు షాక్ అబ్జార్బర్ల పనితనంలో ఉంది, అంటే ఒరిగిన బండిని మళ్లీ మళ్లీ ఊగనీయకుండా ఒక్కసారికే కుదురుగా నిలపడం. ఇక్కడ సుఖమూ నిలకడా ఒకదానికొకటి శత్రువులు కావు. ఈ పనితనానికి అదనంగా డబ్బు పెట్టమంటే నేను సంతోషంగా పెడతాను. 2017లో వచ్చిన జీప్ కంపాస్‌లోనూ, 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700లోనూ వెనక చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్ ఉంది. కంపనం వేగాన్ని బట్టి తమ బిగువు మార్చుకునే షాక్ అబ్జార్బర్లూ ఉన్నాయి: చిన్న చిన్న గతుకులకు మెత్తబడతాయి, నెమ్మదిగా వచ్చే పెద్ద ఊగుళ్లకు గట్టిపడతాయి. చిన్న క్రాసోవర్ టాప్ మోడల్ దగ్గర ఆగిన చూపు, అదే ధరకు వచ్చే ఇలాంటి పెద్ద బండి మధ్య వేరియంట్ మీదికి పోవడం మంచి బేరం.

రోడ్లు బాగుపడుతున్నాయి కదా అనేది రెండో అభ్యంతరం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. విజయవాడ వైపో, బెంగళూరు వైపో వారం వారం వెళ్లేవారికి నా లెక్క కొంత మారుతుంది, ఒప్పుకుంటాను. కుషాక్, టైగున్ తక్కువ వేగంలో కాస్త బిగుసుగా అనిపించినా హైవే వేగంలో నేలను పట్టుకుని సాగుతాయి, ఆ వేగంలో ఆ కుదురే సుఖం. కిలోమీటర్లలో మూడొంతులు హైవే మీద నడిచే ఇంటికి అవి సరైన ఎంపిక. కాకపోతే లెక్కించాల్సింది కిలోమీటర్లు కాదు, గంటలు. హైవే మీద గంటలో ఎనభై కిలోమీటర్లు పోతాం, ఊళ్లో ఇరవై. నెలలో సగం కిలోమీటర్లు హైవే మీద నడిచినా కారులో గడిపిన సమయంలో ఐదింట నాలుగు వంతులు ఊళ్లోనే. నడుము లెక్క పెట్టుకునేది సమయాన్నే.

అమ్మేటప్పుడు టాప్ మోడల్‌కే గిరాకీ అనే మాట కూడా వినిపిస్తుంది. త్వరగా అమ్ముడుపోవచ్చు, కానీ పెట్టిన అదనం తిరిగి రాదు. బీమా కంపెనీలు వాడే తరుగుదల పట్టిక ప్రకారమే నాలుగేళ్లు దాటి ఐదో ఏట నడుస్తున్న కారు విలువలో సగం పోతుంది. షోరూమ్ ధరలోని రెండు లక్షల తేడా ఆ పట్టికలో లక్ష అవుతుంది, లైఫ్ ట్యాక్స్, వడ్డీ ఆ పట్టికలో అసలు కనపడవు. మిగిలిన వాదనల్లో నాకు బరువైనదిగా తోచేది డ్రైవర్‌ను హెచ్చరించి అవసరమైతే తానే బ్రేకు వేసే ఏడాస్ పై వేరియంట్లకే ఇవ్వడం. రాత్రిపూట హైవే మీద ఎక్కువగా నడిపేవారు ఆ కారణంతో పైకి వెళితే నేను కాదనను. భద్రతను సన్‌రూఫ్‌తో కలిపి ఒకే మూటగా అమ్మే పద్ధతి మాత్రం కొనేవాళ్లకు అన్యాయం.

టెస్ట్ డ్రైవ్‌కు డీలర్ల దగ్గర సాధారణంగా పై వేరియంటే ఉంటుంది. మనం ఒక్కరమే నడుపుతాం, పక్కన సేల్స్ మనిషి ఉంటాడు. నలుగురూ సామాన్లూ ఎక్కితే స్ప్రింగుల తీరే మారుతుంది, ఖాళీ బండిలో గట్టిగా తగిలింది నిండు బండిలో సర్దుకోవచ్చు, లేదా వెనక భాగం కుంగి బ్రేకర్ దగ్గర అడుగు తాకవచ్చు. అందుకని ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించి, కొనదలచిన చక్రాల సైజు ఉన్న బండినే అడిగి, టైర్లలో గాలి డ్రైవర్ తలుపు దగ్గర రాసిన మేరకే ఉందో లేదో చూసుకుని బయల్దేరాలి. గాలి ఎక్కువ కొట్టి ఉంటే మంచి సస్పెన్షన్ కూడా చెడ్డగా కనిపిస్తుంది. సగం దూరం డబ్బు కట్టే మనిషి వెనక సీటులో కూర్చోవాలి. ఆ వేరియంట్ బండి ఇవ్వడం కుదరదంటే వేరే డీలర్‌ను అడగాలి, అక్కడా లేకపోతే అడ్వాన్స్ కట్టకుండా వారం ఆగాలి.