మిగిలిన వెన్నులు

మన భాషలో ‘కృతజ్ఞత’ యను మాట సంస్కృతమునుండి వచ్చినదైనను, దాని అర్థము పామరునకు సైతము తెలియునంత తేటగా నున్నది. చేయబడిన మేలును ఎరిగియుండుట కృతజ్ఞత. దానికి ఎదురైన మాట కృతఘ్నత. అనగా చేయబడినదానిని చంపుట. మేలు పొందినవాడు ఎల్లప్పుడును సంతోషముగా నుండవలెనని గాని, కన్నీరు పెట్టరాదని గాని ఈ మాటలో ఎక్కడను లేదు. క్రైస్తవ కుటుంబమున పుట్టి, బాల్యమునుండి కృతజ్ఞతాస్తుతులు వినుచు పెరిగిన నాకు ఈ చిన్న సంగతి బోధపడుటకు ఏబది సంవత్సరములు పట్టినది. అది యెట్లు బోధపడినదో ఇక్కడ చెప్పదలచితిని.

ఈ సంచికను చదువువారిలో పెక్కురు నా మతమువారు కారని యెరుగుదును. ఐనను మన యిండ్లలో మాటాడు భాష యొకటే, మన చేలలో పండు రాగి యొకటే. కావున ఒక యింటి సంగతి ప్రక్కయింటివారికి చెప్పుకొనునట్లు చెప్పెదను.

తళి సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్నది. దీని చలువను చూచి దొరలకాలమున ‘చిన్న ఇంగ్లండు’ అని పేరు పెట్టిరందురు. ఇక్కడ తమిళము, కన్నడము, తెలుగు మూడును వినబడును; ఒక్కొక్కప్పుడు ఒకే వాక్యములో మూడును వినబడును. వానను నమ్ముకొని పండు రాగి, ఉలవ, అనప మా పంటలు. రాగి వెన్ను ముదురు కాలమునకు చలి దిగును. ఆ చలితోపాటు కర్ణాటకమందలి బన్నేరుఘట్ట అడవులనుండి ఏనుగుల గుంపులు జవళగిరి, తళి, డెంకణికోట అడవులలోనికి వచ్చును. ఏటేట వచ్చు చుట్టములవలె వచ్చి, చలికాలమంతయు నిలుచును. చేను ఎవరిదో ఏనుగునకు తెలియదు. కాచువానికి మాత్రము బాగుగ తెలియును.

నాకు పండ్రెండేండ్ల వయస్సున ఒక రాత్రి మా చేనిలో ఏనుగులు పడినవి. నాయన మంచెమీదనుండి డబ్బా మ్రోగించెను, దివిటీ త్రిప్పెను, టపాకాయలు కాల్చెను. అవి పోలేదు. తెల్లవారి మేము పోయి చూచునప్పటికి మూడువంతుల పైరు నేలపాలైనది. తిన్నదానికంటె త్రొక్కినదే యెక్కువ. అమ్మ గట్టుమీద కూర్చుండి చాలసేపు లేవలేదు.

ఆ వచ్చు ఆదివారమే మా గుడిలో కోతపండుగ. కోతపండుగ యనగా తొలిపంటలో కొంత దేవుని సన్నిధికి తెచ్చి ఉంచు దినము. రాగిపనలు, గుమ్మడికాయలు, పనసకాయలు, కోళ్లు, కోడిగ్రుడ్లు, ఎవరికి కలిగినది వారు తెత్తురు. ఆరాధన ముగిసిన పిదప వానిని వేలము వేసి, వచ్చిన రూకలను గుడిఖర్చులకును బీదలకును వాడుదురు. శనివారము సాయంకాలము నాయన చేనంతయు తిరిగి, నిలిచియున్న వెన్నులు ఏరి, తన తువ్వాలులో మూట కట్టెను. అమ్మకు కోపము వచ్చినది.

“ఏమి మిగిలిందని మూట కట్టేది?” అనెను.

“మిగిలిందే కట్టేది” అనెను నాయన.

మరునాడు గుడిలో ఆ మూటను చూచి నేను సిగ్గుతో తల వంచుకొంటిని. ఇతరుల గుమ్మడికాయల నడుమ అది పిల్లలు ఆడుకొను మూటవలె నుండినది. నాయన లేచి ప్రార్థించెను. మంచె కూలలేదనియు, మనిషి పోలేదనియు, గుప్పెడు మిగిలినదనియు చెప్పి స్తుతించెను. వేలములో ఆ మూటను ఒక ముసలమ్మ గీచి గీచి బేరమాడి, విత్తనములకని కొనిపోయెను. ఆమె జాలిపడి ఎక్కువ ధర పెట్టియుండిన నేను ఆ దినమును ఇంత గౌరవముతో తలచుకొని యుండను.

సోమవారమున నాయన అటవీశాఖ కచేరికి పోయి నష్టపరిహారమునకు అర్జీ పెట్టెను. నాకు ఆశ్చర్యమైనది. నిన్న స్తుతించినవాడు నేడు మొరపెట్టుకొనుట యెట్లు? త్రోవలో అడిగితిని. “దేవునికి చెప్పేది వేరు, సర్కారుకు చెప్పేది వేరు. రెండూ నిజమే కదరా” అనెను. ఆ మాట నాకు అప్పుడు సమాధానముగా తోచలేదు.

ప్రతి పరిస్థితియందును కృతజ్ఞత చెల్లింపవలెనని క్రైస్తవులు చెప్పుటకు మూలము పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన మొదటి లేఖ, అయిదవ అధ్యాయము, పదునెనిమిదవ వచనము. అక్కడి గ్రీకు మాటకును మన తెలుగు అనువాదమునకును విభక్తి ‘అందు’, ‘కొరకు’ కాదు. ఏనుగులు పడినందుకు స్తుతింపుమని అది చెప్పుట లేదు. ఏనుగులు పడిన చేనియందు నిలుచుండి స్తుతింపుమనుచున్నది. ఎఫెసీయులకు వ్రాసిన లేఖలో సమస్తమును గూర్చి కృతజ్ఞత చెల్లింపుడను మాటయు కలదు. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. ఆ రెండవ మెట్టు ఎక్కినవారిని నేను గౌరవింతును. నాకు మొదటి మెట్టే యెత్తుగా నున్నది.

ఈ లేఖ వ్రాసినవాడు మెత్తని పరుపుమీద కూర్చుండి వ్రాయలేదు. థెస్సలొనీకకు వచ్చుటకు ముందు ఫిలిప్పీ పట్టణమున పౌలును, సీలను బెత్తములతో కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో ఉంచిరి. వారు నడిరేయి దేవుని కీర్తించిరని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నది. ఈ భాగమును ప్రసంగములలో తరచుగా వినుచుందుము. దాని తరువాతి భాగమును అంతగా వినము. తెల్లవారి అధికారులు వారిని రహస్యముగా పంపివేయజూడగా పౌలు ఒప్పుకొనలేదు. విచారణ లేకుండ రోము పౌరులను బహిరంగముగా కొట్టించిరే, వారే వచ్చి మమ్ము వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుపట్టెను. నడిరేయి కీర్తన, తెల్లవారి హక్కు. నాయన ఆదివారమును, సోమవారమును నాకు అక్కడ కనబడినవి.

మన తెలుగువారికి ఈ సంగతి విశేషముగా అవసరము. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మన తాలూకా మద్రాసు రాష్ట్రములోనే నిలిచినది. 2006లో తమిళభాషాభ్యాస చట్టము వచ్చిన పిదప పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరియైనది; భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానముల తలుపు తట్టవలసివచ్చినది. ఈ నేల మనకు అన్నము పెట్టినదని ఎరుగుట ఒకటి, మన బిడ్డలకు మన అక్షరములు కావలెనని అడుగుట మరియొకటి. మొదటిదానిని చూపి రెండవదానిని మానుకొమ్మనువారు కృతజ్ఞతయను పేర నోరు మూయించుచున్నారు. రెండవదానిలో మునిగి మొదటిదానిని మరచువారు తమ బ్రతుకునే చేదు చేసికొనుచున్నారు.

మా అవ్వ ఒంగోలు ప్రాంతపు ఆడపడుచు. పెండ్లియై ఈ సీమకు వచ్చునప్పుడు పెట్టెలో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకమును తెచ్చుకొనెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారు మన రాగతాళములలో రచించిన కీర్తనలు అందున్నవి. గుడిలో ఆరాధన తమిళమున జరిగినను, సాయంకాలము మా యింట ఆ కీర్తనలే వినబడెడివి. అవ్వ తన పెద్దలనుండి విన్న కరవుకథ కూడ చెప్పెడిది.

1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిని పీడించిన ఆ కరవును తెలుగువారు ధాత కరవు అందురు. అప్పుడు హోసూరు తాలూకా చేరియుండిన సేలము జిల్లాయు మిక్కిలి బాధపడిన జిల్లాలలో నొకటి. ఒంగోలున జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా బాప్తిస్టు మిషనరీ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలమున జనులు క్రైస్తవులగుటకు వచ్చినను ఆయన బాప్తిస్మము ఇయ్యలేదు. కూటికొరకు వచ్చితిరను మాట వారికి రాకూడదని ఆయన భయము. కరవు తగ్గి, సహాయము నిలిచిన తరువాత కూడ వారు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్యను చెప్పి గర్వించువారు కలరు. అవ్వ సంఖ్యను చెప్పెడిది కాదు. “కూలి నిలిచినాక వచ్చినారు చూడు, అది నిజమైన వందనము” అనెడిది. ఇచ్చుట నిలిచిన పిదప కూడ నిలుచునది కృతజ్ఞత. ఇచ్చునంతవరకే నిలుచునది బేరము.

జర్మనీదేశమున ముప్పదేండ్ల యుద్ధకాలమున మార్టిన్ రింకార్ట్ అను పాదిరి ఐలెన్‌బుర్గ్ పట్టణమున నుండెను. 1637లో అచ్చట మహామారి పుట్టగా నాలుగువేలకు పైబడిన జనులను ఆయన పాతిపెట్టెననియు, వారిలో ఆయన భార్యయు నొకతె యనియు చెప్పుదురు. ఆయన రచించిన కృతజ్ఞతాకీర్తన నేటికిని లోకమంతట పాడబడుచున్నది. ఆ కథను నేను చాలమారులు ఇతరులకు చెప్పియున్నాను. మహామారి మా యింటికి వచ్చినప్పుడు అది నాకు ఏమాత్రమును పనికిరాలేదు.

2021 మే నెలలో మా తమ్ముడు కోవిడ్ జ్వరమున పోయెను. హోసూరు కర్మాగారములో పనిచేయుచుండెను, వయస్సు నలుబదియెనిమిది. సమాధి యొద్ద మేము నలుగురమే యుంటిమి, అదియు దూరముగా. ఆ సాయంకాలమే ఎవరో మేలుకోరువారు ఆ పదునెనిమిదవ వచనమును నా ఫోనుకు పంపిరి. నేను ఫోనును గోడవైపు విసరితిని. తరువాత ఆరునెలలు భోజనమునకు ముందు స్తుతి చెప్పలేదు. అమ్మ చెప్పుచుండెను, నేను మౌనముగా చేయి కడుగుకొనుచుంటిని.

ఆ పంపినవారిమీద నాకిప్పుడు కోపము లేదు. కాని ఒక మాట చెప్పవలెను. కృతజ్ఞత ఎవరికి వారు చెల్లించుకొనవలసినది. దుఃఖములో నున్న మరియొకనికి దానిని ఆజ్ఞగా పంపరాదు. కీర్తనల గ్రంథములో స్తుతులతోపాటు విలాపములును విస్తారముగా నున్నవి. యోబు స్నేహితులు ఏడుదినములు నోరు విప్పక అతని ప్రక్కన కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు విప్పిన పిదపనే చెడిపోయిరి.

ఆ యేడు నవంబరులో కోతపండుగ వచ్చినది. శనివారము సాయంకాలము అమ్మ పెట్టెలోనుండి నాయన తువ్వాలు తీసి రాగి వెన్నులు మూట కట్టుచుండగా చూచితిని. నా నోట తెలియకుండనే ఆ పాతమాట వచ్చినది.

“ఏమి మిగిలిందని మూట కట్టేది అమ్మా?”

అమ్మ చేయి నిలిచినది. “ఆ మాట మీ నాయనను నేనన్నది. ఆపొద్దు నాకు తెలియలేదు” అనెను. కొంతసేపటికి వ్రేళ్లు మడచి లెక్క పెట్టెను. వాడు నలుబదియెనిమిదేండ్లు మనతో ఉన్నాడు. వాని బిడ్డలిద్దరు ఉన్నారు. గుంత త్రవ్వినవారు భయపడి పారిపోలేదు. మేము వెలికి రారాని ఆ పదునాలుగు దినములును ప్రక్కయింటివారు రెండుపూటల రాగిముద్దయు, పులుసును గోడమీద పెట్టి పోయినారు. అక్కడ అమ్మ ఏడ్చెను. ఏడ్చుచునే ముడి బిగించెను.

ఆ ప్రక్కయింటివారు మా మతమువారు కారు. మరునాడు గుడిలో అమ్మ వారిని ఇంటిపేరుతో సహా పేర్కొని దేవుని స్తుతించెను. నేను ఆమె ప్రక్కన నిలుచుండి, ఆరునెలల తరువాత, ఆమేన్ అంటిని. దుఃఖము తగ్గలేదు. తమ్ముడు పోయినందుకు స్తుతింపలేదు, నేటికిని స్తుతింపను. కాని ఆ పదునాలుగు దినముల రాగిముద్దను ఎరుగనట్లు నటించుట, చేయబడినదానిని చంపుటయే యని నాకు ఆనాడు తెలిసినది.

యేసుప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేయగా ఒక్కడే తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పెనని లూకా సువార్త చెప్పుచున్నది. ఆ ఒక్కడు సమరయుడు; ఆ దేశపు పెద్దలు తమవాడని లెక్కించనివాడు. రెండు ఎల్లల నడుమ, మూడు భాషల నడుమ బ్రదుకు మనకు ఈ వృత్తాంతము దగ్గరది. మేలు తనకు హక్కుగా రాలేదని యెరిగినవాడు దానిని త్వరగా గుర్తించుననుకొందును. అమ్మ చెప్పిన ఆ యింటివారికి నేను వెంటనే పోయి ఒక మాట చెప్పవలసియుండెను. సంవత్సరము ఆలస్యము చేసితిని. పోయి చెప్పినప్పుడు ఆ యింటి పెద్దాయన నవ్వి, “దానికేముందిలే అన్నా” అని, త్రాగుటకు మజ్జిగ ఇచ్చిరి.

ఈ యేడును ఏనుగులు వచ్చును. కోతపండుగయు వచ్చును. అమ్మకు ఇప్పుడు చూపు తగ్గినది; మూట నేను కట్టుచున్నాను, లెక్క ఆమె పెట్టుచున్నది.