‘30 తర్వాతైనా బడి తెరుస్తరా అన్నా?’ – బోరబండ నుంచి



పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. చివర్లో మనందరం చేయాల్సిన పని ఒకటి ఉంది, అందుకే మధ్యలో వదిలేయొద్దని మనవి.

2022 జనవరి 8న సంక్రాంతి సెలవులని బడులు మూశారు. 16 వరకే అన్నారు. 16 నాడు, కేసులు పెరుగుతున్నాయి కాబట్టి 30 దాకా పొడిగించినం అన్నారు. 8, 9, 10 తరగతులకు 24 నుంచి మళ్లీ ఆన్‌లైన్ క్లాసులన్నారు. మా గల్లీ పిల్లలకు మేము కనబడితే చాలు, ఒకటే ప్రశ్న: "అన్నా, 30 తర్వాతైనా తెరుస్తరా?" మేము గ్రూప్స్‌కి చదువుతున్నోళ్లం కదా, సర్కారు సంగతులన్నీ మాకు ముందే తెలుస్తాయని వాళ్ల నమ్మకం. మేము చూసేదీ వాళ్లు చూసే టీవీ స్క్రోలింగే.

మేమంటే ఎవరమో చెప్పాలి. బోరబండ సైట్-3 దిక్కు రెండు రూముల్లో ఏడుగురం ఉంటాం. దేవరకొండ, మహబూబాబాద్ తండాల నుంచి నలుగురం, భద్రాచలం ఏజెన్సీ గూడేల నుంచి ఇద్దరు కోయ సోదరులు, ఉట్నూరు నుంచి ఒక గోండు తమ్ముడు. అందరం ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివి వచ్చినోళ్లమే. కోచింగ్ అమీర్‌పేటలో, కానీ అమీర్‌పేట కిరాయిలు మనకు అందవు. అందుకే బోరబండ. మా చుట్టుపక్కల ఇండ్లల్లోనూ మనోళ్లు చాలామంది ఉన్నారు. తండాల నుంచి బతకడానికి వచ్చి సెంట్రింగ్ పని, అడ్డా కూలి, ఆటో, మోతీనగర్, మధురానగర్ అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసుకుంటున్నారు. వాళ్ల పిల్లలు కొందరు ఇక్కడి సర్కారు బడిలో, కొందరు చిన్న ప్రైవేటు బడుల్లో, కొందరు ఊరి దిక్కు గురుకులాల్లో చదువుతున్నారు.

మొదటిసారి బడులు మూసింది 2020 మార్చి 16న. అప్పుడూ 31 వరకే అన్నారు. వారానికే లాక్‌డౌన్ వచ్చింది. మార్చి 25న అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ దిక్కు హాస్టళ్లు ఖాళీ చేయమంటే, ఊరికి పోయే పాసుల కోసం పంజాగుట్ట, ఎస్.ఆర్.నగర్ పోలీస్ స్టేషన్ల ముందు కట్టిన లైన్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఈ గ్రూపులో చాలామంది ఆ లైన్లలో నిలబడ్డోళ్లే. మేమూ ఎట్లనో ఒకట్ల ఊళ్లకు చేరినం.

అక్కడ తండాలో చూస్తే హాస్టల్ పిల్లలందరూ పెట్టె, బకెట్, ప్లేటు పట్టుకొని ఇంటికి వచ్చి ఉన్నారు. మొదటి నెల వాళ్లకు సంబరమే. జూన్‌లో బడి తెరవలేదు. వానలు పడ్డాయి, నాట్లకు పోయిండ్రు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనయ్. అప్పటికే సగంమంది పిల్లలు పొద్దున ఇంట్లో ఉండట్లేదు. అక్టోబర్ వచ్చేసరికి పత్తి ఏరుడు. పత్తికి కిలోకింత అని ఇస్తారు కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని పైసలు. పిల్లలు సంపాదించడం మొదలుపెట్టినంక ఇంటి లెక్క మారిపోయింది. చదువు మాన్పించాలని ఏ తల్లిదండ్రులూ కూర్చుని నిర్ణయం తీసుకోలేదు. బడి లేదు, పని ఉంది, అంతే.

మెట్రో మళ్లీ నడవడం మొదలైనంక మేము ఒకరొకరంగా బోరబండ వచ్చినం. ఇక్కడ పరిస్థితి ఇంకో రకం. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను, అది నాన్నతో అడ్డా మీదికి పోతుంది. నాన్న రాత్రి ఎనిమిదికి వచ్చేసరికి క్లాసు పొద్దుననే అయిపోయి ఉంటుంది. ఆ అక్టోబర్‌లోనే బోరబండలో భూమి లోపలి నుంచి పెద్ద శబ్దాలు వచ్చి జనం రాత్రిపూట రోడ్ల మీదికి ఉరికిండ్రు, యాదికుందా? ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు వచ్చి కొలిచే మిషన్లు పెట్టిపోయారు, మంచిదే. మా గల్లీ పిల్లలకు చదవడం ఇంకా వస్తుందో, మర్చిపోయారో కొలవడానికి మాత్రం ఏ మిషనూ రాలేదు.

అందుకే సాయంత్రం పూట మేడమీద క్లాసు పెట్టినం. ఓనరమ్మ బల్బు పెట్టించింది, కరెంటు పైసలు అడగలేదు. పద్నాలుగు మంది పిల్లలు వచ్చేవాళ్లు. నాలుగో తరగతి పోరడు తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మర్చిపోయిండు. ఐదో తరగతి పిల్ల తెలుగు వాచకం చూడకుండా చెప్తది, వేలు పెట్టి ఒక్క మాట అడిగితే చదవలేదు. ఇంట్లో గోర్‌బోలి, బయట హిందీ. తెలుగు వినేదే బడిలో, ఆ బడే మూసి ఉంది. మన పిల్లలకు బడి మూతపడితే లెక్కలు, సైన్సుతో పాటు ఒక భాష కూడా పోతుంది. ఈ సంగతి టీవీ పాఠాలు తయారుచేసినోళ్లకు తట్టినట్టు లేదు.

ఇక తెరిచిన వరుస చూడండి. 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులకు, ఫిబ్రవరి 24 నుంచి 6, 7, 8కి తెరిచారు. మార్చి 24న మళ్లీ అన్నీ మూశారు. ఒకటి నుంచి ఐదు వాళ్లకు ఆ ఏడాది బడి గేటు తెరుచుకోనే లేదు. డెన్మార్క్ అనే చిన్న దేశంలో 2020 ఏప్రిల్‌లోనే తెరిచారు, అదీ ముందు చిన్నపిల్లలకు.  మన దగ్గర పెద్దోళ్లకు బోర్డు పరీక్షలున్నాయని వాళ్లను ముందు పిలిచారు. చివరికి ఆ పరీక్షలు కూడా పెట్టలేదు.

దీని ఫలితం ఒక పిల్ల మీద చూడండి. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల, 2021 సెప్టెంబర్ 1న రెండో తరగతిలో మొదటిసారి బెంచీ మీద కూర్చుంది. నాలుగు నెలలకు మళ్లీ సెలవులు. 2022 జూన్‌లో మూడో తరగతి. మా మేడ మీద అట్లాంటివాళ్లు ముగ్గురున్నారు. వాళ్లలో ఒక పాప మొన్నటిదాకా ‘క్లాస్’ అంటే ఫోన్‌లో వచ్చే బొమ్మే అనుకునేది.

సెప్టెంబర్ 1న కూడా అందరికీ తెరవలేదు. ముందురోజు, ఆగస్టు 31న, హైకోర్టు గురుకులాలను, హాస్టళ్లను తెరవొద్దని ఆపింది. మిగతా బడులకు కూడా పిల్లల్ని రమ్మని బలవంతం చేయొద్దని చెప్పింది. కోర్టు భయం ఉత్త భయం కాదు. ఒక్క హాలులో మంచానికి మంచం ఆనించి పడుకోవడం ఎట్లుంటుందో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? రెండో వేవ్‌లో మన తండాల్లో పోయినోళ్లను మనం మర్చిపోలేదు. కానీ హాస్టల్ మూస్తే మన పిల్లకు ఏమేం పోతాయో కూడా అదే తక్కెడలో పెట్టాలి కదా. మూడుపూటల తిండి, దుప్పటి, సబ్బు, పొద్దున స్టడీ అవర్, జ్వరమొస్తే చూసే ఏఎన్‌ఎం, అన్నిటికంటే ఎక్కువగా ‘పెండ్లి చేద్దామా’ అనే మాటకు దూరంగా ఉండే చోటు. ఇవన్నీ పోతే ఇంట్లో ఉండే ప్రమాదాన్ని ఎవరు లెక్కపెట్టాలి? గురుకులాలు తెరుచుకునేసరికి అక్టోబర్ అయింది. డే స్కూలు పిల్లల కంటే హాస్టల్ పిల్లలు వెనక, హాస్టల్ పిల్లల్లో మనోళ్లే ఎక్కువ.

ఆ నడిమిట్ల రోజుల్లో మా గల్లీలో ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి గిరిజన గురుకులంలో తొమ్మిదో తరగతి, మా మేడ మీద చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పించేది తనే. వాళ్ల యాడి అపార్ట్‌మెంట్లలో పనికి పోతే ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మేము పోయి మాట్లాడినం. ఆమె మమ్మల్ని తిట్టలేదు, కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. "బడి తెరిస్తే రేపే తోలుత బిడ్డా. తెరవకపోతే పెరిగిన పిల్లను ఈ ఒక్క రూముల ఎన్నొద్దులు కాసుకోవాలె? మీరు కాస్తరా?" అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు. చట్టం గురించి చెప్పినం, పద్దెనిమిది నిండకుండా పెండ్లి నేరమని చెప్పినం. ఆమె విన్నది. కానీ ఆ సంబంధాన్ని ఆపింది మా మాటలు కావు. అక్టోబర్‌లో గురుకులం తెరిచారు, పిల్ల పెట్టె పట్టుకొని పోయింది, మాట ఆగింది. ఇప్పుడు జనవరి 8న మళ్లీ పెట్టెతో ఇంటికి వచ్చింది. సంక్రాంతికి ఊరికి పోతే ఆ సంబంధమోళ్లు మళ్లీ కదిలించారట. అందుకే ఆ పిల్ల ‘30 తర్వాత తెరుస్తరా’ అని అడిగితే మేము తేలికగా తీసుకోలేకపోతున్నం.

ఇంకొక పిల్లోడి సంగతి. ఏడో తరగతి, ఇక్కడి ఒక చిన్న ప్రైవేటు బడి. నాన్నకు పనుల్లేక రెండేండ్ల ఫీజు బాకీ పడింది. సెప్టెంబర్‌లో సర్కారు బడికి మారుద్దామంటే బాకీ కట్టేదాకా టీసీ ఇవ్వమన్నారు. టీసీ లేదు కాబట్టి ఎవరూ చేర్చుకోరని నాన్న అనుకున్నాడు. పోరడు ఒక టిఫిన్ సెంటర్‌లో ప్లేట్లు కడగడానికి కుదిరిండు. వాళ్లకు తెలియంది ఏంటంటే, 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ మాట తెలిసినంక మేమే తోడుపోయి చేర్పించినం. డిసెంబర్ అంతా బడికి పోయిండు. ఇప్పుడు సెలవులు రాంగనే మళ్లీ టిఫిన్ సెంటర్‌లో ఉన్నాడు. ఓనరు ఈసారి పైసలు పెంచిండట.

పెద్దోళ్ల సంగతి మీకు తెలుసు. 2021 డిసెంబర్ 16న ఇంటర్ ఫస్టియర్ ఫలితాలు వస్తే 49 శాతమే పాసయ్యారు. రాసిన 4,59,242 మందిలో సగం మందికి పైగా ఫెయిల్. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. డిసెంబర్ 24న అందరికీ 35 మార్కులు వేసి పాస్ అన్నారు. ఆ పిల్లలకు పాస్ కావాల్సిందే, తప్పు వాళ్లది కాదు. కానీ 35 వేసినంత మాత్రాన పోయిన ఏడాది పాఠం రాదు. రేపు ఎంసెట్‌లో, డిగ్రీలో, మనలాగే అమీర్‌పేట కోచింగ్‌లో అది బయటపడుతుంది.

2022 జనవరి 17న కేబినెట్ ‘మన ఊరు – మన బడి’ కింద 7,289 కోట్లతో 26,065 సర్కారు బడులను బాగుచేస్తామని చెప్పింది. వచ్చే ఏడాది నుంచి ఇంగ్లీషు మీడియం అన్నది. సంతోషమే. గోడలకు రంగులు, బెంచీలు, బాత్రూంలు అన్నీ కావాలి. 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా మేడారం జాతరకు ఏర్పాట్లు జరిగాయి, జరగాలి కూడా. సమ్మక్క, సారలమ్మ తల్లుల దగ్గరికి మనమూ పోతం. లక్షలమందికి నీళ్లు, బస్సులు, డాక్టర్లు ఏర్పాటు చేయగలిగినప్పుడు ఒక హాస్టల్‌కు ఇంకో నాలుగు గదులు, ఇంకొన్ని మంచాలు, ఒక ఏఎన్‌ఎంను ఏర్పాటు చేయలేరా? మా డిమాండ్ ఒక్కటే: బడి తెరిచిన రోజే హాస్టల్ కూడా తెరవాలి. ఆపై హాస్టల్ కోసం నెల, రెండు నెలలు ఆగమంటే ఆ నెలల్లో ఎవరి పిల్లలు పోతారో మనకు తెలుసు.

బడి ఎప్పుడు తెరుస్తారో చెప్పేది సర్కారు. తెరిచిన రోజు ఎవరు రాలేదో చూడాల్సింది మనం. సార్లకు హాజరుపట్టీలో ‘గైర్హాజరు’ అనే కనబడుతుంది. ఆ పిల్ల పత్తి చేనులో ఉందా, మిర్చి తోటలో ఉందా, పెండ్లి మాటల్లో ఉందా అన్నది తండాలో మనకే తెలుస్తుంది. అందుకే ఈ వారంలో ప్రతి ఒక్కరం ఇవి చేద్దాం.

మీ తండాలో, గూడెంలో, బస్తీలో బడి ఈడు పిల్లలందరి పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఏ తరగతి, ఏ బడి, ఇప్పుడు ఏం చేస్తున్నరు అన్నది పక్కన రాయండి. ఆ వివరాలు గ్రూపుల్లో పెట్టొద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. బడి తెరిచిన మొదటి వారంలో ఆ బుక్కు తీసుకొని హెడ్‌మాస్టర్‌తో కూర్చోండి.

టీసీ లేదని ఎవరైనా ఆగిపోయి ఉంటే 5వ సెక్షన్ సంగతి చెప్పి తోడుపోండి. ఒక్కళ్లే పోతే తిప్పి పంపుతరు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి.

పదిహేను నిండిన పిల్లలకు 2022 జనవరి 3 నుంచి టీకా వేశారు. హాస్టల్‌కు పోకముందే వేయిస్తే తల్లిదండ్రుల భయం సగం తగ్గేది.

చిన్నపిల్లకు పెండ్లి మాట వినబడితే ముందు ఆ ఇంటికి పోయి మాట్లాడండి, తల్లి మాట కూడా వినండి. ఆగకపోతే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం ఉన్న ఉచిత నంబర్.

మా గల్లీ బుక్కులో పద్నాలుగు పేర్లున్నాయి. అందులో ఇప్పటికి రెండు పేర్ల పక్కన ప్రశ్నార్థకం ఉంది, ఒకటి తొమ్మిదో తరగతి పిల్లది, ఒకటి టిఫిన్ సెంటర్ పోరడిది. బడులు తెరిచే రోజు పొద్దున ముగ్గురం ఆ పిల్లను గురుకులం బస్సు ఎక్కించడానికి పోతం, ఇద్దరం టిఫిన్ సెంటర్ కాడికి పోతం. కోచింగ్ ఒక పూట పోతే పోనియ్. మీ దిక్కు ఎన్ని పేర్ల పక్కన ప్రశ్నార్థకాలున్నాయో, పిల్లల పేర్లు లేకుండా, కింద రాయండి.

ఏడుగురి తరఫున,
బోరబండ రూము నుంచి