వెనక్కి చూసిన చోట

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవగానే మా తెలుగు పిల్లల చేత ఒక పేజీ రాయిస్తాను. పేరు, ఇష్టమైన ఆట, ఇష్టమైన కూర, స్వస్థలం. ఆ ఏడు ఆరో తరగతిలో ఒక అమ్మాయి అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, స్వస్థలం దగ్గర మాత్రం ఖాళీ వదిలేసింది. "ఇదేమిటమ్మా?" అని అడిగాను.

"ఏది రాయాలి టీచర్? పుట్టింది జోధ్‌పూర్. ఒకటో తరగతి జమ్మూ. తాతయ్యగారిది విజయనగరం, కానీ అక్కడ నాకు ఫ్రెండ్సే లేరు. ఇక్కడి నుంచి కూడా ఎప్పుడో వెళ్ళిపోతాం కదా."

నా దగ్గర జవాబు లేదు. "తర్వాత రాద్దువులే" అని కాగితం తీసుకున్నాను. నిజానికి ఆ ప్రశ్న నన్ను నేను అడగడం మానేసి చాలా ఏళ్ళయింది. నాకది అయిదో పోస్టింగు. మొదటి ఊరు వదిలేటప్పుడు రైల్లో రెండు స్టేషన్ల దాకా ఏడ్చాను. రెండో ఊరి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: వెళ్ళేటప్పుడు వెనక్కి చూడకూడదు. ఎక్కువ సామాను కొనకూడదు. ఇరుగుపొరుగుతో మర్యాదగా ఉంటే చాలు. కొన్ని అట్టపెట్టెలు విప్పకుండానే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నాతో వస్తుండేవి.

అదే వారంలో నా బదిలీ ఉత్తర్వు వచ్చింది.

అప్పుడు నేను ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, బైలాడిలా కొండల కింద ఉండేదాన్ని. ఎద్దు మూపురంలా ఉంటుంది కాబట్టి ఆ కొండకు ఆ పేరు. అక్కడ తవ్విన ఇనుప ఖనిజం గూడ్సు బండ్ల మీద అరకు లోయ మీదుగా విశాఖపట్నం చేరుతుంది. సెలవులకు నేనూ ఆ లైను మీదే ఇంటికి వెళ్ళేదాన్ని. మూడేళ్ళలో నేను చూసింది బడి, క్వార్టరు, స్టేషను. అడవిలో వెయ్యేళ్ళ నాటి గుళ్ళున్నాయని అందరూ చెప్పేవారు. "చూద్దాంలే" అనుకుంటూనే మూడేళ్ళు గడిపేశాను. ఉత్తర్వు చేతికొచ్చాక ఇక మిగిలింది ఒక్క ఆదివారమే.

నన్ను ప్రతి సెలవుకీ స్టేషనులో దింపే డ్రైవరు భయ్యానే పిలిచాను. యాభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. "దంతెవాడ, బార్సూరు. సాయంత్రానికి వచ్చేయాలి" అన్నాను. "ఇన్నాళ్ళకి అడిగారు మేడమ్" అన్నాడు, అంతే.

తెల్లవారుజామున బయలుదేరాం. దారి పొడుగునా విప్పచెట్ల కింద ఆడవాళ్ళు, పిల్లలు వంగి రాత్రి రాలిన పూలు బుట్టల్లోకి ఏరుతున్నారు. కిటికీ దించితే తియ్యటి ఘాటు వాసన. దారిలో రెండు చోట్ల బండి ఆపి పేర్లు రాసుకున్నారు. రెండో చోట ఉన్న జవాను నన్ను చూసి నమస్కారం పెట్టాడు. మా ఏడో తరగతి పిల్లవాడి నాన్న.

దంతెవాడలో దంతేశ్వరీ అమ్మవారి గుడి శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఉంది. అక్కడ మగవాళ్ళు ప్యాంటుతో లోపలికి పోకూడదు. భయ్యా డిక్కీలోంచి ఉతికిన పంచె తీసి కట్టుకున్నాడు. గుడి ముందున్న గరుడ స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చుట్టి కలపడానికి జనం ప్రయత్నిస్తున్నారు. కలిస్తే కోరిక తీరుతుందట. నావి జానెడు దూరంలో ఆగిపోయాయి.

ఆ గుడి కథలో మన ఓరుగల్లు ఉంది. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవుల వైపు వచ్చి బస్తరు రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. కథ ఏమిటంటే, అమ్మవారు అతని వెనకే నడిచి వస్తానంది. నా గజ్జెల చప్పుడు వింటూ నడువు, వెనక్కి మాత్రం చూడకు, చూస్తే అక్కడే ఆగిపోతాను అంది. ఈ నదుల సంగమం దగ్గర ఇసుకలో పాదాలు దిగబడి గజ్జెల చప్పుడు వినిపించలేదు. రాజు కంగారుపడి వెనక్కి చూశాడు. అమ్మవారు ఆగిపోయింది.

ఈ కథ నాకు ముందే తెలుసు. నా నియమానికి సాక్ష్యంగా కూడా వాడుకునేదాన్ని. నది ఒడ్డున నిలబడి, "చూశావా భయ్యా, వెనక్కి చూసినందుకు రాజుకి అమ్మవారు దూరమైంది" అన్నాను.

అతను కాసేపు నీళ్ళ వైపు చూసి, "మాకు అలా చెప్పరు మేడమ్" అన్నాడు. "ఆయన వెనక్కి చూశాడు కాబట్టే అమ్మ మాకు దొరికింది. చూడకుండా పోయి ఉంటే ఇక్కడ ఏముండేది, ఇసుక తప్ప?"

పెద్ద మాట చెప్పాననే ధ్యాస కూడా అతనికి లేదు. చెప్పులు వేసుకుని బండి దగ్గరికి నడిచాడు. గీదం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

బార్సూరు దంతెవాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఇంద్రావతి నదికి దగ్గర్లో చిన్న ఊరు. ఒకప్పుడు ఇక్కడ 147 గుళ్ళు, 147 చెరువులు ఉండేవని జనం చెప్పుకుంటారు. అది పదకొండో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన ఛిందక నాగవంశపు రాజుల నాటి ఊరు. ఇప్పుడు నిలబడి ఉన్న గుళ్ళు కొన్నే. మిగిలినవి పొలాల్లో, పొదల్లో రాళ్ళ కుప్పలు.

ముందు మామా భాంజా గుడి చూశాం. మామ, మేనల్లుడు కలిసి ఒక్క రోజులో కట్టారని భయ్యా చెప్పాడు. పొడుగ్గా, సన్నగా ఆకాశంలోకి లేచిన శిఖరం. అక్కడి నుంచి జంట వినాయకుల దగ్గరికి. ఇద్దరూ పక్కపక్కనే, ఒకరు పెద్ద, ఒకరు చిన్న. పెద్దాయన కూర్చుని ఉండి కూడా నాకంటే ఎత్తున్నాడు. అంత విగ్రహం ఒకే రాయిలో చెక్కింది. పొట్ట మీద చెయ్యి వేస్తే ఎండకి రాయి వెచ్చగా ఉంది.

తర్వాత చంద్రాదిత్య గుడి. నేను వచ్చిందే దీని కోసం. బార్సూరులో దొరికిన ఒక శాసనం గురించి పుస్తకంలో చదివాను. 1060 నాటిది. నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుడి కింద సామంతుడైన చంద్రాదిత్యుడు ఇక్కడ శివాలయం కట్టించి, చెరువు తవ్వించాడని చెబుతుంది. ఆ చంద్రాదిత్యుడు తెలుగు చోడుడు. ఆ శాసనం తెలుగులో ఉంది.

పిల్లలూ, ఆ సంవత్సరం ఇంకోసారి చూడండి. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు 1061 దాకా పాలించాడు. ఆయన కోరిక మీదే నన్నయ మహాభారతం తెలుగులో మొదలుపెట్టాడు. అంటే, గోదావరి ఒడ్డున ఆదికవి కాలం నడుస్తున్నప్పుడే, ఇంత దూరంలో, ఈ అడవిలో ఒకాయన గుడి కట్టి, చెరువు తవ్వి, ఆ సంగతి తెలుగులో రాయి మీద చెక్కించాడు. ఆయన కూడా పరాయి రాజు కొలువులో పనిచేస్తూ సొంత నేలకు దూరంగా ఉన్నవాడే. మనలాగే అనుకోండి. అయితే ఆయన పెట్టెలు కట్టుకుని కూర్చోలేదు. చెరువు తవ్వించాడు.

శాసనపు రాయి నా కంట పడలేదు. గుడి మాత్రం ఉంది. నీడలో మేకపిల్ల ఒకటి పడుకుని ఉంది.

చివరిది బత్తీసా గుడి. రెండు గర్భగుళ్ళు, రెండు శివలింగాలు, రెంటికీ కలిపి ఒకే మండపం. ముప్ఫయి రెండు స్తంభాలున్నాయి కాబట్టి బత్తీసా. సోమేశ్వరదేవుడి పట్టపురాణి గంగమహాదేవి భర్త పేర ఒకటి, తన పేర ఒకటి శివాలయాలు కట్టించిందట. లోపల చల్లగా ఉంది. మేం తప్ప ఎవరూ లేరు. "నిజంగా ముప్ఫయి రెండేనా?" అన్నాను. "లెక్కపెడదాం" అంటూ భయ్యా ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఒక్కో స్తంభాన్నీ అరచేత్తో తడుతూ నడిచాడు.

"ఉండి... రండ్... మూండ్... నాలుంగ్..."

నేను నిలబడిపోయాను. "భయ్యా, ఏ భాషలో లెక్కపెడుతున్నావు?"

"గోండీ మేడమ్. మా ఇంటి మాట." కొంచెం సిగ్గుపడ్డాడు. "చిన్నప్పటి అలవాటు. బడిలో చేరాక హిందీయే."

రండ్ మన రెండు. నాలుంగ్ మన నాలుగు. పాత తెలుగు పుస్తకాల్లో మూఁడు, నాలుఁగు అని అరసున్నతో రాసి ఉంటుంది. అరసున్న ఎందుకు అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఒకప్పుడు అక్కడ నిండుగా పలికిన ముక్కు శబ్దం అలిగి సగమైపోయిందని నవ్వుతూ చెబుతాను. ఆ నిండు శబ్దం ఈయన నోట్లో ఇంకా ఉంది. మూండ్. తెలుగుకీ గోండీకీ చుట్టరికం ఉందని చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ నన్ను మూడేళ్ళు స్టేషనులో దింపిన మనిషి నా భాషకి దాయాది భాష మాట్లాడతాడని నాకు తెలియదు. నేను అడగలేదు కనుక.

నేను నేల మీద కూర్చుని, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అన్నాను. అతని మొహం విప్పారింది. "మళ్ళీ చెప్పండి." చెప్పాను. తర్వాత అతను కన్ను చూపించి "కన్" అన్నాడు. సీసాలో నీళ్ళు చూపించి "ఏర్" అన్నాడు. మన ఏరు! అలా ఇద్దరం చిన్నపిల్లల్లా ఎంతసేపు ఆడుకున్నామో తెలియదు. మధ్యలో లెక్క తప్పి ముప్ఫయి ఒకటే వచ్చాయి. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి నేను తెలుగులో, అతను గోండీలో. అయిదు దాటాక అతను హిందీలోకి జారిపోయాడు. "ఆ పైవి మా అమ్మకి వచ్చు" అన్నాడు. ముప్ఫయి రెండూ ఉన్నాయి.

మధ్యాహ్నం చెట్టు కింద అతను సొరకాయ బుర్రలోంచి పేజ్ ఆకు దొప్పలో పోసి ఇచ్చాడు. మన రాగి అంబలే. కూతురు హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతోందట. "దానికి గోండీ అర్థమవుతుంది, మాట్లాడదు. హాస్టల్లో నవ్వుతారంటుంది. మీరు ఇందాక రాసుకున్నారు కదా, ఆ కాగితం నాకిస్తారా? మేడమ్ మన మాటలు రాసుకుందని చూపిస్తాను."

కాగితాన్ని రెండు వరుసలుగా శుభ్రంగా మళ్ళీ రాసి ఇచ్చాను, ఒకవైపు తెలుగు, ఒకవైపు గోండీ. అయిదు పక్కన గోండీ గడి ఖాళీగా వదిలాను. "ఇది మీ అమ్మగారిని అడిగి నీ కూతురే నింపాలి" అన్నాను.

సోమవారం ఆరో తరగతి పిల్లలకి ఈ సంగతంతా చెప్పాను. ఆ అమ్మాయి కాగితం తిరిగి ఇచ్చి, "స్వస్థలం ఒకటే ఉండాలని లేదమ్మా. నువ్వు వెనక్కి చూసే చోట్లన్నీ రాయి" అన్నాను. జోధ్‌పూర్, జమ్మూ, విజయనగరం అని రాసింది. కాస్త ఆలోచించి, మేమున్న ఊరి పేరు కూడా రాసింది. గీత చాలక అక్షరాలు అంచు దాకా పోయాయి.

స్టేషనుకి భయ్యానే తీసుకెళ్ళాడు. సామాను దింపుతూ ఒక్కో పెట్టెనీ తట్టి లెక్కపెట్టాడు. నాలుంగ్ తర్వాత ఆగి, నా వైపు చూసి, "సయ్యుంగ్" అన్నాడు. "అమ్మాయి అడిగింది. వాళ్ళ నానమ్మ చెప్పింది."

బండి కదిలాక నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ప్లాట్‌ఫారం కనిపించినంతసేపూ వెనక్కే చూశాను. కొత్త ఊళ్ళో చేరిన మొదటి వారంలోనే పెట్టెలన్నీ విప్పేశాను.